పస్తు పెట్టిన వరస

మా మామయ్యకి మాట తక్కువ. నాకు ముక్కు మీద కోపం. ఇద్దరం ఒకే ఇంట్లో ఇరవై ఏడేళ్ళు బతికామంటే ఆ గొప్ప ఆయనదే. నాకు నాలుగేళ్ళప్పుడు మా అమ్మ పోతే, అమ్మ తమ్ముడైన ఈయన నన్ను చంకనేసుకుని తన నర్సరీకి తెచ్చుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "దీన్ని పెంచేసరికే తల ప్రాణం తోకకొస్తోంది, ఇంకా పెళ్ళాం కూడానా" అనేవాడు. పేరు పెట్టి నన్ను పిలిచినట్టు గుర్తులేదు. "చిటపటా" అనే పిలిచేవాడు. పెద్దయ్యాక కూడా అదే.

మాది ఆపిల్ మొక్కల నర్సరీ. ఇంటి వెనక వాలులో పన్నెండు వరసలు, వరసకి నలభై మొక్కలు. అంటు కట్టి, రెండేళ్ళు పెంచి, తోటలు వేసుకునేవాళ్ళకి ఇస్తాం. కొనేవాళ్ళు మొక్కని చూసే పద్ధతి ఒకటుంది. ముందు ఎత్తు చూస్తారు, తర్వాత కాండాన్ని బొటనవేలితో నొక్కుతారు, ఆఖర్న కొన పట్టుకుని వంచుతారు. మామయ్య మొక్క వంచితే వంగేది, వదిలితే టక్కున లేచి నిలబడేది. అందుకే మా దగ్గరికి వచ్చినవాళ్ళు ఇంకో గడప తొక్కేవాళ్ళు కారు.

ఆయనకి ఒక అల్యూమినియం మగ్గు ఉండేది. ఒక పక్క సొట్ట. నేను పుట్టకముందు ఎప్పుడో పడ్డ సొట్ట. పనివాళ్ళు ఆయన్ని మగ్గు తాత అనే అనేవాళ్ళు, మొహం మీదే. ఏటా ఆకు రాలే కాలం ముందు, ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నా కొమ్మలు పెరగడం మానేశాక, ఆయన వీపుకి తగిలించుకునే మందు డబ్బాలో నీళ్ళు నింపి, ఈ మగ్గుతో యూరియా కొలిచి కలిపి, ఒక్కో మొక్కనీ ఆకు ఆకూ తడిసేలా కొట్టేవాడు. వారానికోసారి, మూడు వారాలు. మొదటిసారి సొట్ట దాకా, రెండోసారి సొట్ట మీదికి, మూడోసారి అంచు దాకా. కాగితం మీద ఎక్కడా రాసుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

అడిగింది నేనే. అడగడం కాదులెండి, ఒంటికాలి మీద లేచాను.

అప్పుడే పట్నంలో రెండేళ్ళు తోటల చదువు చదివి వచ్చాను. కళ్ళు నెత్తికెక్కి ఉన్నాయి. పుస్తకంలో ఒక పేజీలో ఇలా ఉంది: వేసవి చివర నత్రజని ఎక్కువ పెడితే కొమ్మలు లేతగా సాగుతాయి, చలికి ముందు ముదరవు, మంచుకి మాడిపోతాయి. ఆ పేజీ నిజమే. ఆ తర్వాతి పేజీ నేను చదవలేదు. ఆ సంవత్సరం మామయ్య మూడో విడత కొడుతుంటే, కలుపు తీసే పదిమంది చూస్తుండగా వెళ్ళి డబ్బా గొట్టం పట్టుకున్నాను.

"రాలిపోయే ఆకుకి ఎవరైనా తిండి పెడతారా మామయ్యా?"

"రాలే ముందు అది తింటుందమ్మా. తిని లోపల పెట్టుకుంటుంది."

"ఎవరు చెప్పారు? చెట్టు వచ్చి నీ చెవిలో చెప్పిందా?"

పనివాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వేసరికి నాకు ఇంకా ఊపొచ్చింది. "ఇన్నాళ్ళూ నీ చాదస్తాన్ని తట్టుకుని ఇవి బతికాయంటే వాటి అదృష్టం. నన్ను పెంచావు చూడు, అలాగే పెంచావు వీటిని. తెలిసీ తెలియకుండా."

ఆ మాట అన్నాక నాకే నాలుక కరుచుకోవాలనిపించింది. కానీ అంతమంది ముందు వెనక్కి తీసుకోవడానికి మనసు రాలేదు. మామయ్య నా చేతిలోంచి గొట్టం మెల్లగా విడిపించుకున్నాడు. "వరస మధ్యలో ఆపకూడదు" అన్నాడు. మిగిలిన వరసలన్నీ పూర్తిచేశాడు. కుళాయి దగ్గర మగ్గు కడిగి, దిమ్మ మీద బోర్లించాడు. రెండు రోజుల తర్వాత రేకు పెట్టె, ఆ మగ్గు పట్టుకుని పట్నం బస్సెక్కాడు. బట్టల దుకాణాలకి, హోటళ్ళకి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే ఒక లాండ్రీలో పాత స్నేహితుడున్నాడట. పైన గది కూడా ఇస్తాడట. నేను గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు. పంతం.

చలికాలం గడిచింది. వసంతం వచ్చింది. ఆ వసంతంలో మా మొక్కలు చిగిర్చినట్టు అంతకుముందెప్పుడూ చిగిర్చలేదు. ఆకు అరచేయంత, ముదురు పచ్చ. కొమ్మ రోజుకి రోజు సాగుతోంది. నేలలో నేను గుప్పెడు ఎరువు కూడా వెయ్యలేదు. నాకు ఏనుగెక్కినంత సంబరం. ఎదురుగా ఆయన లేడు కాబట్టి ఫోటో తీసి, పట్నంలో అచ్చు వేయించి, వెనక నా చేత్తో రాశాను: "చూశావా? నేలలో ఏమీ వెయ్యలేదు. నీ మగ్గు అక్కర్లేకుండానే."

దాన్ని రేడియో చేతికిచ్చి పంపాను. రేడియో అంటే మా దగ్గర అంటు కట్టిన చోట టేపు చుట్టే ఆవిడ. ఏ ఇంట్లో ఏం జరిగినా సాయంత్రానికి ప్రసారం చేస్తుంది. వాళ్ళ చెల్లెలి ఇల్లు ఆ లాండ్రీ వీధిలోనే.

"ఏమన్నాడు?" అన్నాను ఆవిడ తిరిగొచ్చాక.

"చాలాసేపు చూశాడు. వెనక్కి తిప్పి చదివాడు. 'అయితే అదే నిజమన్నమాట' అన్నాడు. ఇస్త్రీ బల్ల పైన గోడకి అంటించుకున్నాడు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు, మా మేనకోడలు చేసిందని."

ఓడిపోయినవాడు గోడకి అంటించుకుంటాడా? నాకు అర్థంకాలేదు. అర్థం చేసుకోవాలని ప్రయత్నించలేదు కూడా. గెలిచాను, చాలనుకున్నాను.

ఆ ఏడు వేసవిలో మొక్కలకి వేసే ఎరువు సగం చేశాను. ఆకు రాలే ముందు ఏమీ కొట్టలేదు. డబ్బా అటక మీద పడుకుంది. ఆ తర్వాతి వసంతంలో మొగ్గలు పది రోజులు ఆలస్యంగా విచ్చాయి. ఆకు చిన్నది. రంగు పచ్చకీ పసుపుకీ మధ్య, ఒంట్లో బాగాలేని మనిషి మొహంలా. కొత్త కొమ్మ వేలెడు సాగి ఆగిపోయింది. పన్నెండు వరసలూ అంతే. రోజూ పొద్దున్నే వెళ్ళి చూసేదాన్ని, రాత్రికి రాత్రి ఏదో మారుతుందన్నట్టు. తెగులేమో అనుకుని మందులు కొట్టాను. నీరు నిలుస్తోందేమో అని కాలవలు తవ్వించాను. చివరికి నేలలో యూరియా కుమ్మరించాను, ఆయన జన్మలో వెయ్యనంత. నేల ఇంకా చల్లగానే ఉంది, వేళ్ళు మేలుకోలేదు. వానలొచ్చి కడుక్కుపోయాయి. నేను మళ్ళీ కుమ్మరించాను.

వేసవి సగం దాటాక అది పని మొదలుపెట్టింది. మొక్కలు ఒక్కసారిగా పైకి లేచాయి. కాడలు సన్నగా, మెత్తగా, గాలికి తలలు వాల్చేస్తూ. పెరిగాయి కదా అని సంతోషించాను. ఇంతలో మొదటి మంచు ముందే పడింది. పొద్దున లేచి చూస్తే కొనలన్నీ నల్లబడ్డాయి. కింది ఆకులు మాత్రం పచ్చగా నిలబడి ఉన్నాయి. నేను పుస్తకంలో చదివి మామయ్య మొహాన కొట్టిన ముక్క ఇదే. దాన్ని నా చేతులతో నేనే చేశాను.

ఆ వారమే ఏటా మా దగ్గర మొక్కలు కొనే తోట ఆయన వచ్చాడు. ఒక కొన పట్టుకుని వంచాడు. అది ఉడికిన కాడలా ఆయన వేళ్ళ మధ్యే ఉండిపోయింది. జేబురుమాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. "మీ మామయ్యగారు లేరా?" అన్నాడు. లేరన్నాను. "మళ్ళీ వస్తానమ్మా" అన్నాడు. ఆ గొంతు వింటేనే తెలిసింది, రాడని.

మర్నాడు ఆకులూ కొమ్మలూ సంచిలో వేసుకుని మట్టి పరీక్షలు చేసే ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ కళ్ళద్దాల అమ్మాయి ఒకతె, నాకంటే చిన్నది, పెన్ను మూత కొరుకుతూ నేను చెప్పిందంతా విన్నది. ఫలితాలు రావడానికి వారం పడుతుందంది. కానీ వినగానే ఆమెకి తెలిసిపోయింది.

"వసంతంలో మొదటి నెలా నెలన్నరా వేరు పెద్దగా ఏమీ లాగదండీ. నేల చల్లగా ఉంటుంది కదా. అప్పుడు మొక్క తినేది నిరుడు బెరడులో, వేళ్ళలో దాచుకున్న నత్రజని. ఆకు రాలే ముందు ఆకులో ఉన్నదంతా వెనక్కి లాక్కుని దాచుకుంటుంది. ఈ ఏటి చిగురు నిరుటి తిండన్నమాట."

"అప్పుడు ఆకుల మీద యూరియా కొడితే?"

"సరిగ్గా ఆ నిల్వలోకే పోతుంది. పెరిగే కాలం అయిపోయుంటుంది కాబట్టి లేత కొమ్మలూ రావు. మంచి పద్ధతండీ అది." ఆమె పెన్ను మూత నోట్లోంచి తీసింది. "నిరుడు వసంతంలో ఏమీ వెయ్యకుండానే బ్రహ్మాండంగా వచ్చాయన్నారు కదా. ఆ ముందు ఎవరో కొట్టుంటారే?"

ఆ కుర్చీలోనే తల తీసేసినట్టయింది. నేను ఫోటో తీసి పంపిన పచ్చదనం ఆయన పెట్టిన తిండి. నేను గొంతు చించుకుని అరుస్తుండగా ఆయన కొట్టిన మందు. దాన్ని చూపించి, నీ నలభై ఏళ్ళ పని దండగ అని ఆయన్నే నమ్మించాను.

అక్కణ్ణుంచి తిన్నగా లాండ్రీకి వెళ్ళాను. లోపలంతా ఆవిరి, తడి నూలు వాసన. మామయ్య చిక్కిపోయాడు. ఇస్త్రీకి ముందు దుప్పటి మీద నీళ్ళు చల్లుతున్నాడు, సొట్ట మగ్గులోంచి వేళ్ళతో. నన్ను చూసి మొహం వెలిగింది. "తిన్నావా?" అన్నాడు. రెండేళ్ళ తర్వాత మొదటి మాట అది. ఆయన తల వెనక గోడ మీద నా ఫోటో, ఆవిరికి అంచులు ముడుచుకుని.

దుప్పటి రెండో కొస నేను పట్టుకున్నాను. మడత పెడుతూ అంతా చెప్పాను. మొక్కలు పాడైన సంగతి, కళ్ళద్దాల అమ్మాయి మాటలు, అన్నీ. "నువ్వే రైటు మామయ్యా. మొదట్నుంచీ నువ్వే రైటు. ఆకు రాలడానికి ఇంకా టైముంది. ఇంటికి రా."

ఆయన మడత చివర సరిచేసి దుప్పటి దొంతర మీద పెట్టాడు.

"నువ్వు మంచిదానివే చిటపటా. నాకు తెలుసు."

"అది కాదు నేను చెప్పేది."

"కోపంలో నువ్వు అబద్ధం చెప్పవు. చిన్నప్పట్నుంచీ అంతే. ఆరోజు కోపంలో చెప్పావు, అది నిజం. ఇవాళ జాలిపడి చెప్తున్నావు." గోడ మీది ఫోటో వైపు గడ్డం ఊపాడు. "కళ్ళెదురుగా ఉంది కదా. నేనున్న ఏ ఏడూ ఇంత పచ్చగా రాలేదు, నేను లేని ఏడే వచ్చింది. ఇన్నేళ్ళు ఊరికే చేశానని ఒప్పుకోడానికి నాకు ఏడాది పట్టింది. రాత్రుళ్ళు నిద్రపట్టేది కాదు. ఇప్పుడు పడుతోంది. మళ్ళీ మొదలెట్టకమ్మా."

ఎంత చెప్పినా అంతే. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. నా జన్మలో ఆయనకి ఒక్క మంచి మాట చెప్పి ఉంటే, ఈ మంచి మాట నమ్మేవాడేమో. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది.

"రుజువు చూపిస్తే నమ్ముతావా?"

"చూపిస్తే ఎందుకు నమ్మను?"

"ఆ మగ్గు ఇవ్వు."

"దీంతో పనుంది నాకు" అని మళ్ళీ నీళ్ళల్లో ముంచాడు.

కళ్ళద్దాల అమ్మాయిని అడిగి కొలతలు రాసుకున్నాను. అటక మీంచి డబ్బా దింపి, నా వీపుకే తగిలించుకున్నాను. వారానికోసారి, మూడు వారాలు. పదకొండు వరసలు ఆకు ఆకూ తడిపాను. గేటు పక్కనున్న పన్నెండో వరస దగ్గర గొట్టం కట్టేశాను. ఊరికే బాగున్న మొక్కల ఫోటో చూపిస్తే ఆయన మళ్ళీ ఏదో ఒకటంటాడు. నేల గొప్పంటాడు, వాన గొప్పంటాడు. పక్కపక్కన రెండు వరసలు కావాలి, తిన్నదొకటీ తిననిదొకటీ. అప్పుడు కాదనడానికి ఉండదు.

"ఆ వరసేం పాపం చేసింది?" అంది రేడియో.

"పాపం కాదు. అది సాక్ష్యం."

"సాక్ష్యానికి కూడా ఆకలేస్తుందమ్మా" అని ఆవిడ టేపు చుట్టుకుంటూ పోయింది. రేడియో వాగుడు ఎవరు పట్టించుకుంటారు?

ఆ చలికాలం నాకు వేరే ధ్యాస లేదు. మంచు కప్పిన మోడుల్ని చూస్తూ కూర్చునేదాన్ని. పన్నెండు వరసలూ ఒకేలా ఉండేవి. ఏది తిన్నదో ఏది తినలేదో పైకి తెలిసేది కాదు. లాండ్రీలో చెమ్మకి మామయ్యకి దగ్గు పట్టుకుందని రేడియో చెప్పింది. కాస్త ఓపిక పట్టు, వసంతం రానీ అని నాలో నేనే ఆయనకి చెప్పుకునేదాన్ని.

వసంతం వచ్చింది. పదకొండు వరసలు, ఏడాది పాటు నా చేతిలో చావుదెబ్బ తిన్న మొక్కలు, మొగ్గలు పగలగొట్టుకుని లేచాయి. పన్నెండోది ముడుచుకుని కూర్చుంది. రూపాయి బిళ్ళంత ఆకులు, పాలిపోయి. కొన్ని కొమ్మలకి అదీ లేదు. గేటు దగ్గర నిలబడితే కుడివైపు పచ్చ, ఎడమవైపు పసుపు, మధ్యలో మూడడుగుల బాట. నేను కోరుకున్నట్టే ఉంది. ఫోటో తీసి అచ్చు వేయించి, ఈసారి వెనక ఏమీ రాయకుండా, మొదటి బస్సుకే వెళ్ళాను.

మామయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఫోటోని ఆవిరికి దూరంగా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. కుడివైపు వరస మీద వేలు పెట్టాడు.

"దీనికి కొట్టావా?"

"కొట్టాను. మూడుసార్లు. నేలలో ఏమీ లేదు."

పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు. "అయితే నేను తప్పు చెయ్యలేదు" అన్నాడు, తనకే వినపడేట్టు. కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడిచాడు. ఆ మాట కోసం నేను చలికాలమంతా ఎదురుచూశాను. గుండెల మీంచి బండ దిగినట్టయింది. పెట్టె ఎక్కడుంది, సర్దేస్తాను అని లేవబోతున్నాను.

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. వేలు ఎడమవైపుకి జరిగింది.

"ఈ వరసకేమైంది?"

"దానికి కొట్టలేదు."

"మందు చాలలేదా?"

"అది కాదు. నీకు తేడా తెలియాలని..."

"ఎన్ని?"

"నలభై."

ఫోటో ఒళ్ళో పెట్టుకున్నాడు. "చలికాలమంతా నలభై పసి మొక్కల్ని పస్తు పెట్టావా?" అన్నాడు. "పక్క వరసకి పెడుతూ, దానికి పెట్టకుండా దాటిపోయావా?"

"నువ్వు నమ్మనన్నావు కదా మామయ్యా! ఏం చెయ్యను మరి?"

"నమ్మకపోతే నమ్మకపోయేవాణ్ణి. ముసలాణ్ణి, ఏదో ఒకటి అనుకుని పోయేవాణ్ణి." ఆయన గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచలేదు. "నీ మాటే గెలవాలి నీకు. ఆరోజూ అంతే, ఇవాళా అంతే. ఇవాళ నా తరపున గెలిచావు. అంతే తేడా."

నేను ఫోటో తీసి సంచిలో పెట్టుకున్నాను. నోరున్నదాన్నని పేరు నాకు.

ఆయన నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి మేకుకి తగిలించాడు. యజమానికి చెప్పొచ్చాడు. మగ్గు తీసుకున్నాడు. పెట్టె తీసుకోలేదు. బస్సులో నా పక్కనే కూర్చున్నాడు కానీ దారంతా కిటికీలోంచి చూస్తూ, దగ్గుతూ ఉన్నాడు.

నర్సరీలో పచ్చటి వరసల వైపు తలైనా తిప్పలేదు. గేటు పక్క వరసలో మొదటి మొక్క దగ్గర గొంతుక్కూర్చుని ఆకు వెనక్కి తిప్పి చూశాడు. బెరడు గోటితో కాస్త గీరి చూశాడు. డబ్బా నేను మోస్తానంటే ఇవ్వలేదు. మగ్గులో అడుగున పల్చగా, సొట్టకి చాలా కింద, యూరియా పోశాడు. "చిన్న ఆకు. ఎక్కువైతే మాడుతుంది" అని రేడియోతో చెప్పాడు, నాతో కాదు. ఒక్కో మొక్క దగ్గరా ఆగి, అరచేయి ఆకుల కింద పెట్టి కొట్టాడు. చనిపోయిన కొనల్ని కత్తిరించాడు. నలభై మొక్కలకి మధ్యాహ్నం మూడయింది.

నేను వంట చేసి పిలిచాను. ఆకలిగా లేదన్నాడు. కుళాయి దిమ్మ దగ్గర చేతులు కడుక్కుని, బస్సు టైము దాకా అక్కడే కూర్చున్నాడు. నేను కూడా వెళ్ళి పక్కన కూర్చున్నాను. తప్పయిపోయింది మామయ్యా అన్నాను. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి కానీ అదొక్కటే బయటికొచ్చింది. ఆయన తల ఊపాడు. కోపంగా లేడు. కోపంగా ఉన్నా బాగుండేది.

"ఇవి ఈ ఏడు కోలుకోవు" అన్నాడు వరస వైపు చూస్తూ. "ఏం పెట్టినా వచ్చే ఏడే తెలుస్తుంది."

"అప్పుడు నువ్వూ వచ్చి చూడు."

ఆయన రోడ్డు వైపు చూశాడు. మలుపు దగ్గర బస్సు హారన్ వినిపించింది. లేచి, నా తల మీద ఒకసారి చెయ్యి వేసి, గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.

బస్సు కనుమరుగయ్యాక తిరిగొచ్చి చూస్తే, మగ్గు కడిగి దిమ్మ మీద బోర్లించి ఉంది. మర్చిపోయాడేమో అనుకుని గేటు దాకా పరిగెత్తాను. ఆ మగ్గుని ఆయన ఎన్నడూ ఎక్కడా మర్చిపోలేదని అక్కడ నిలబడ్డాక గుర్తొచ్చింది. నాకిచ్చి వెళ్ళాడో, ఇంక రానని చెప్పి వెళ్ళాడో తెలియదు. ఆకు రాలడానికి ఇంకా ఆరు నెలలుంది.